నాలుగు వందల పన్నెండు ముక్కులు

లారీ ఆపి ఇంజను ఆపనివాణ్ణి కోటిలింగం మనిషి కింద జమకట్టేవాడు కాదు. బుర్ర ఉన్నవాడెవడూ ఆ పని చెయ్యడని ఆయన సిద్ధాంతం. బండి కదలకుండా ఇంజను తిరుగుతుంటే నూనె పాడు, డీజిల్ చిమ్మే నాజిళ్లు పాడు, గాలి పాడు, పక్కన బల్ల మీద కూర్చుని టీ తాగేవాడి టీ కూడా పాడు. "సెల్ఫ్ పట్టట్లేదు మేస్త్రిగారూ, ఆపితే మళ్లీ స్టార్టవదు" అని ఏ డ్రైవరైనా నసిగితే, "పట్టని సెల్ఫు పెట్టుకుని ఊళ్లు తిరగటానికి సిగ్గులేదట్రా? పో, పోయి పడవ నడుపుకో" అని షెడ్డులోంచి తరిమేసేవాడు.

ఆయనకు అరవై ఆరేళ్లు. ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా డీజిల్ ఇంజన్ల మేస్త్రి. బండి వస్తే బానెట్ ఎత్తేవాడు కాదు. తిన్నగా వెనక్కి వెళ్లి, సైలెన్సర్ దగ్గర నిలబడి, మొలలోంచి ముక్కుపొడుం డబ్బా తీసి, చెరో ముక్కులో చిటికెడు ఎగబీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, తువ్వాలుతో తుడుచుకుని అప్పుడు వంగేవాడు. "మూడో నాజిల్ కారుతోంది. నూనె మార్చి ఆర్నెల్లయింది. మొన్న పోయించిన డీజిల్లో నీళ్లున్నాయి" అనేవాడు. విప్పి చూస్తే అక్షరాలా అంతే. కంప్యూటర్ పెట్టి లోపం చెబుతామని బోర్డులు కట్టిన కుర్ర మెకానిక్కులు కూడా, వాళ్ల కంప్యూటర్ ఏం చెప్పిందో సరిచూసుకోవడానికి ఆ ముసలాయన దగ్గరికే వచ్చేవారు.

ఆ ముక్కు ఇంట్లోనూ ఊరుకునేది కాదు. భార్య నాంచారమ్మ కంచం పెట్టగానే ఆయన అన్నం కలపకుండా ఒక నిమిషం సేపు ముక్కు దగ్గరగా పెట్టి కూర్చునేవాడు. ఆ తరవాత తీర్పు. ఇంగువ పాతది. పోపు ఒక్క క్షణం ముందు దించాల్సింది. ఈ పచ్చడిలో మెంతులు ఎవరి పొలానివో గానీ ఎండలో పెట్టలేదు. నలభై ఒక్క ఏళ్లలో ఒక్క రోజు బాగుందన్న పాపాన పోలేదు. ఊళ్లో ఆడవాళ్లు నాంచారమ్మను చూసి జాలిపడేవారు. ఆవిడ మాత్రం ఆ నిమిషం సేపు చెంగుతో చేతులు తుడుచుకుంటూ, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా నిలబడేది.

ఇదిలా ఉండగా ప్రభుత్వానికి ఉన్నట్టుండి గాలి మీద ప్రేమ పుట్టింది. సరుకు లారీ ఏదీ మూడు నిమిషాలకు మించి ఇంజను ఆడిస్తూ నిలబడకూడదని రాష్ట్రం ఉత్తర్వు వేసింది. రాష్ట్రం మూడంటే మేమేం తక్కువ తిన్నామా అని కార్పొరేషన్ రెండు నిమిషాలంది. మార్కెట్ యార్డు కమిటీ లోడున్న బండికి అయిదు నిమిషాలు, ఖాళీ బండికి అసలు లేదు అంది. కాలవ అవతలి పంచాయతీ ఎంతసేపైనా ఆడించుకోండి, పంచాయతీ ఆఫీసు ఎదురుగా మాత్రం వద్దంది. మూడుసార్లు తప్పు రాస్తే లారీ జప్తు అని మాత్రం అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

కాలవ వంతెన మీద ఒక లారీ ఆగిపోయింది ఒకరోజు. ముందు సగం కార్పొరేషన్లో, వెనక సగం పంచాయతీలో ఉంది. ఇంజను ఇటు, పొగ అటు. తప్పు ఎవరి హద్దులో జరిగిందని ఇద్దరు అధికారులు లారీ కింద దూరి టేపుతో కొలుచుకున్నారు. ఆ ఫైలు రాజధానికి వెళ్లి ఏడు నెలలు కూర్చుని, "డ్రైవరు ఏ హద్దులో ఉంటే తప్పు ఆ హద్దుది" అన్న జవాబుతో తిరిగొచ్చింది. మర్నాటి నుంచీ వంతెన మీద డ్రైవర్లంతా ఇంజన్లు ఆడిస్తూనే వదిలేసి, దిగి పంచాయతీ వైపు నిలబడి బీడీలు కాల్చుకోవడం మొదలుపెట్టారు. ఆ సంగతి విని కోటిలింగం పొడుం వెయ్యకుండానే తుమ్మేదాకా నవ్వాడు.

ఆ ఉత్తర్వుల్ని అమలు చెయ్యడానికి పుట్టిందే వాయు సంరక్షణ బోర్డు. అందులో ప్రయోగశాలకు పెద్ద, కోటిలింగం కూతురు ప్రసూన. ఏ లారీ ఎంతసేపు నిలబడి పొగ వదిలిందో మనిషి లేకుండా కనిపెట్టే పెట్టె చెయ్యమన్నారు ఆమెను. ఆమె, ఆమె కింద పదకొండు మంది, ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను పొడిచినట్టు, పొగకూ దుమ్ముకూ తేడా చెప్పగల రేకు పెట్టె ఒకటి తయారుచేశారు. ఏ లారీ పొగో మాత్రం దానికి తెలియదు.

నాంచారమ్మ కూతురికి పంపిన క్యారేజీ పట్టుకుని ఒక మధ్యాహ్నం కోటిలింగం ప్రయోగశాలకు వెళ్లాడు. బల్ల మీద మూతలు బిగించిన గాజుసీసాల్లో రకరకాల లారీల పొగ ఉంది.

"ఇదేంటమ్మాయ్, ఊరగాయలా?" అన్నాడు.

"పొగ నాన్నా. ఏది ఏ బండిదో పెట్టె చెప్పాలి. చెప్పట్లేదు."

ఆయన పొడుం వేసుకున్నాడు. ఒక్కో మూతా తీసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పెట్టేశాడు. "ఇది ఇసక టిప్పరు. ఇది పాల వ్యాను, నడిపేవాడు క్లచ్ మీద కాలు తియ్యడు. ఈ రెండూ ఒకే బండివి, ఒకటి పొద్దున పట్టారు, ఒకటి ఎండలో పట్టారు." పదకొండు సీసాలు, పదకొండూ సరి. ప్రసూన సీసాల అడుగున అంటించిన చీటీలు తిప్పి తిప్పి చూసింది. క్యారేజీలో అన్నం చల్లారిపోయింది. ఆమె మాత్రం తండ్రి ముక్కు వంకే చూస్తూ కూర్చుంది.

ఆ చూపులోంచి వచ్చిందే ఆవిష్కరణ. ముక్కు లోపల పైకప్పుకు వాసన పట్టే పలచటి పొర ఉంటుంది. డాక్టరు సన్నటి గొట్టం పంపి, అందులో గోటి చివరంత తునక గిల్లి తీశాడు. ప్రసూన దాన్ని గాజు పలకల మీద, జిగురులాంటి మేతలో పెంచింది. పొగ తగిలితే ఆ పలక మీది కణాలు అదురుతాయి. ఏ పొగకు ఎలా అదురుతాయో పెట్టె రాసుకుంటుంది. అయితే ఆ అదురుకు పేరు పెట్టాల్సింది మనిషే. అందుకని కోటిలింగం నలభై సీసాల ముందు కూర్చుని, వాసన చూసి, "ఇది ఫలానా బండి" అంటాడు. అదే పొగను పలకకు చూపిస్తారు. పెట్టె ఆ పేరును ఆ అదురుకు ముడివేసుకుంటుంది. ఆ నలభై తెలిస్తే మిగతా బండ్లను వాటితో పోల్చి తనే నేర్చుకుంటుంది. ఒక్క తునక నుంచి వందల పలకలు మొలుస్తాయి. మూడు నెలలకు చచ్చిపోతాయి. అప్పుడు మళ్లీ కొత్త తునక కావాలి.

"మళ్లీ మళ్లీ గిల్లితే ఏమన్నా అవుద్దా?" అని అడిగింది నాంచారమ్మ.

"ఆ పొర మళ్లీ పెరుగుద్దమ్మా. కాకపోతే వయసు మీద పడేకొద్దీ కాస్త నిదానం" అంది ప్రసూన.

మొదటి విడత సీసాలకు ప్రసూన తండ్రి చెప్పిన పేర్లను చీటీలతో సరిచూడబోయింది. ఆయన ఇంతెత్తున లేచాడు. "నా ముక్కును చీటీముక్కతో సరిచూస్తావంటే? నీ చీటీ రాసినవాడికి లారీకీ ట్రాక్టరుకీ తేడా తెలుసా?" రెండో విడత ఆమె ఆయన వెళ్లాక రహస్యంగా చూసింది. మూడో విడతా అంతే. ఒక్క తప్పు లేదు. నాలుగో విడత నుంచి చీటీలు కవరులో పెట్టి, అంటించి, బీరువాలో పడేసేది. తండ్రి మాట చీటీతో పోల్చడం ఆయన్ని కొట్టినంత పని అనిపించేది ఆమెకు. అంత చదువు చదివిన పిల్ల చేసిన తప్పు అదొక్కటే.

ఆ పలకలున్న పెట్టెలకు జనం ముక్కులని పేరు పెట్టారు. మొదటి ముక్కుల్ని రోడ్డు పక్క స్తంభాలెక్కించిన మూడో రోజుకే అవి మొద్దుబారిపోయాయి. లారీ పొగ ముఖాన ఊదినా ఉలుకూ పలుకూ లేదు. శాస్త్రవేత్తలు తేమ అన్నారు, వేడి అన్నారు, నూట ఇరవై పేజీల నివేదిక రాశారు. కోటిలింగం వచ్చి, నిచ్చెనెక్కి, పెట్టె మూత తీసి చూశాడు. తన డబ్బాలోంచి చిటికెడు పొడుం తీసి ఉఫ్‌మని లోపలికి ఊదాడు. కింద తెర మీద గీత పాములా లేచి నిలబడింది.

"యాభై ఏళ్లుగా పొడుం లేకుండా నా ముక్కు పొద్దు చూడలేదు. దానికి మీరు మంచినీళ్లు పోసి పనిచెయ్యమంటే ఎట్టా చేస్తది?" అన్నాడు దిగుతూ.

బోర్డుకు ముక్కుపొడుం అని రాసుకోవడానికి నామోషీ. "నాసికా ఉత్తేజక చూర్ణం" అని పేరు పెట్టి టెండరు పిలిచారు. రోజుకు రెండుసార్లు స్తంభమెక్కి పొడుం ఊదడానికి "నస్య సహాయకులు" అని ఉద్యోగాలు సృష్టించారు. ఆ ఉద్యోగాలకు డిగ్రీ తప్పనిసరి. నాలుగు వందల పన్నెండు స్తంభాల మీద నాలుగు వందల పన్నెండు ముక్కులు రాష్ట్రమంతటా పొద్దునా సాయంత్రం పొడుం పీల్చి విధుల్లోకి దిగాయి. కోటిలింగం బజారున నడుస్తుంటే తల పైకెత్తి వాటిని చూసుకునేవాడు. తన కొడుకులు కలెక్టర్లయినట్టు ఉండేది ఆయనకు.

ఏడాదిన్నరలో ఆరు తునకలు ఇచ్చాడు. ఆరోది ఇచ్చిన పది రోజులకు, ఒక పొద్దున షెడ్డుకు బొగ్గు లారీ వచ్చింది. ఆయన పొడుం వేసుకుని వంగాడు. ఏమీ రాలేదు. ఇంత శుభ్రమైన ఇంజను బొగ్గు లారీకి ఎక్కణ్ణుంచి వచ్చిందబ్బా అనుకున్నాడు. తరవాత కోళ్ల లారీ వచ్చింది. దానికీ ఏమీ లేదు. మూడోది చేపల బండి. దాని ముందు నిలబడ్డప్పుడు ఆయనకు సంగతి అర్థమైంది. కోళ్ల లారీ, చేపల లారీ ఒక్కసారే వాసన మానేయవు. విప్పిన టైరు మీద కూర్చుండిపోయాడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరెలా వస్తుంది? నలభై ఏళ్లుగా ముక్కు లేనివాళ్లని లోకాన్నంతా ఈసడించినవాడు. చెవితో నెట్టుకొచ్చాడు. నాజిల్ కొట్టుకునే చప్పుడు, పొగ రంగు, డ్రైవరు మొహం చూసి చెప్పేవాడు. పదింట ఎనిమిది సరిపోయేవి. మిగతా రెండింటికి డ్రైవర్నే తిట్టేవాడు. ఇంట్లో కంచం ముందు ఎప్పటిలా నిమిషం సేపు వంగేవాడు గానీ, ఆ తరవాత మాట్లాడకుండా కలుపుకుని తినేవాడు.

అలా రెండు నెలలు గడిచేసరికి బోర్డు ఛైర్మన్ విద్యాధరరావు గాలి పండగ జరిపాడు. పరిశుభ్రమైన గాలి గురించి గంటసేపు మాట్లాడి, ఆ క్షణాన ముక్కులు పట్టుకున్న లారీల పేర్లు పెద్ద తెర మీద చూపించమన్నాడు. మొదటి మూడు పేర్లూ బోర్డు సొంత టిప్పర్లవే. వేదిక వెనకే, ఇంజన్లు ఆడిస్తూ, పంతొమ్మిది నిమిషాలుగా నిలబడి ఉన్నాయి. అందులో డ్రైవర్లు ఏసీ వేసుకుని నిద్రపోతున్నారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు తనకేననుకుని ఛైర్మన్ నమస్కారం పెట్టాడు.

తెర వంక తిరిగి చూశాకే ఆయన మొహం మాడింది. మర్నాడు ప్రసూనను పిలిపించాడు.

"మీ ముక్కులకి విచక్షణ లేదమ్మా. ప్రభుత్వ బండికీ ప్రైవేటు బండికీ తేడా తెలియొద్దూ? టిప్పర్లని మినహాయిస్తామని కాగితం మీద రాస్తే పేపరోళ్లు ఊరుకోరు. అందుకని ముక్కులే వాటిని మర్చిపోవాలి."

"ముక్కు మర్చిపోదండి. అయినా నాన్నగారి దగ్గర ఇంక తియ్యటానికి లేదు. పొర బాగా పలచబడిందని డాక్టరు అన్నారు."

"ఉన్న ముక్కులు ఎప్పటిదాకా ఉంటాయి?"

"ఇంకో ఇరవై రోజులు."

"ఇరవై రోజుల తరవాత మీ ప్రయోగశాల కూడా అంతే అనుకోండి" అన్నాడు విద్యాధరరావు నవ్వుతూ. అలాంటివాళ్లు నవ్వకుండా ఏదీ చెయ్యరు.

ఇంటికొచ్చి ప్రసూన రాజీనామా రాయడానికి కూర్చుంది. కోటిలింగం ఆ కాగితం లాక్కున్నాడు. "తియ్యమను. ఏడోది తియ్యమను" అన్నాడు. కూతురి ఉద్యోగం కోసమేనని తనకు తాను చెప్పుకున్నాడు. అది సగమే నిజం. తన మొహం మీది ముక్కు ఎలాగూ చచ్చింది, స్తంభాల మీదివైనా బతకాలన్న యావ రెండో సగం. ఇంతకుముందే పోయిందని ఆ ఒక్క క్షణాన చెప్పి ఉంటే కథ అక్కడే తెగేది. చెప్పలేదు.

డాక్టరు వెతికి వెతికి, ఇంకా కాస్త ప్రాణమున్న చోట చివరి తునక గిల్లాడు. నలభై సీసాలు బల్ల మీదికొచ్చాయి. అందులో పది బోర్డు టిప్పర్లవి. ఛైర్మన్ ఆజ్ఞ ప్రకారం వాటిని వాసన చూసి, పేరు చెప్పకుండా "ఖాళీ" అనాలి. పేరు లేని పొగ పెట్టెకు ఒట్టి గాలితో సమానం. ముప్పై మామూలు లారీలవి. అందులో ఒకటి మస్తాన్‌వలి లారీ పొగ. అది పెట్టించింది కోటిలింగమే. నిమ్మకాయల లోడు వేసే మస్తాన్ ఒక్కడే, ఆయన లెక్కలో, డ్రైవరు అనదగ్గ మనిషి. రైలు గేటు పడితే ఆపేస్తాడు. కాటా దగ్గర ఆపేస్తాడు. టీ చెప్పి, అది వచ్చేలోపు కూడా ఆపేస్తాడు.

కోటిలింగం పొడుం వేసుకుని ఒక్కో సీసా మూత తీశాడు. ముక్కుకు గాజు చల్లగా తగలడం తప్ప ఇంకేమీ తెలియలేదు. నల్లటి పొగను బొగ్గు లారీ అన్నాడు. నీలంగా ఉన్నదాన్ని పాత ఇసక లారీ అన్నాడు. నోటికొచ్చిన పదింటిని ఖాళీ అన్నాడు. తొమ్మిదో సీసా తెల్లగా, పలచగా, కడిగినట్టుంది. ఇంత శుభ్రంగా ఇంకెవడుంచుతాడులే అనుకుని, "ఇది మస్తాన్‌ది" అన్నాడు. ప్రసూన రాసుకుంది. చీటీల కవరు ఎప్పటిలా బీరువాలోకి వెళ్లింది.

నెల తిరక్కుండా మస్తాన్ షెడ్డుకు నడిచి వచ్చాడు. ఎప్పుడూ లారీలో వచ్చేవాడు నడిచి రావడం చూడగానే కోటిలింగం చేతిలోని పాన పక్కన పెట్టాడు.

"మేస్త్రిగారూ, మీ ముక్కు నా మీద పగబట్టిందేందండీ?" అన్నాడు మస్తాన్, గుమ్మంలోనే నిలబడి. "మూడు తప్పులు రాసింది. బండి పట్టుకెళ్లి బోర్డు దొడ్లో పెట్టారు. తొమ్మిది నిమిషాలు ఆడించానంట. నేను! నా పెళ్లాం నవ్వుతోందండీ, ఏడవలేక."

"యంత్రం కదరా, ఎక్కడో ఏదో..."

"రెండో తప్పు రాసిన్నాడు నా బండి ఇక్కడే ఉంది. మీ షెడ్డులో. నాజిళ్లు నాలుగూ మీ బల్ల మీదున్నయ్. నాజిళ్లు లేని బండి పొగెట్టా వదుల్తదండీ?"

కోటిలింగం బల్ల వంక చూశాడు. నాజిళ్లు తుడిచిన గుడ్డ ఇంకా అక్కడే ఉంది. తొమ్మిదో సీసా కళ్ల ముందు కదిలింది.

"ఈ మాట బోర్డులో చెప్పావా?"

"చెప్పానండీ. ముక్కు అబద్ధం ఆడదన్నారు. ఆటోనగర్ మేస్త్రి ముక్కయ్యా అది, నీ మాట కంటే దాని మాట గట్టిదన్నారు. ఎల్లుండి విచారణ. మిమ్మల్నే పిలిపిస్తారంట, మీరు చెబితే అయిపోద్దంట." మస్తాన్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మీరు చెబితే నేనూ నమ్ముతానండీ. నిజంగానే ఆడించి మర్చిపోయానేమో."

ఆ ఆఖరి మాట కోటిలింగాన్ని నరికింది. ఎవడైనా తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు.

విచారణ రోజు పదింటికి అన్నం తినడానికి కూర్చున్నాడు. వంగాడు, తల ఎత్తాడు, చారు పోసుకుని తిన్నాడు. నాంచారమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"ఏమండీ, మీకు వాసన తెలియట్లేదు కదూ?" అంది.

"ఎవరు కూశారు?"

"పోపు మాడ్చాను. నిన్న పులుసులో ఇంగువ వెయ్యలేదు. మొన్న పాత వాసన కొట్టే నెయ్యి వేశాను. కావాలనే వేశా. మూణ్ణెల్లయింది మీరొక్క వంక పెట్టి." ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుంది. "బాగుందంటారేమోనని కూడా చూశాను. అదీ అన్లేదు. గోడకు వండి పెడుతున్నట్టుందండీ."

కోటిలింగం చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నలభై ఒక్క ఏళ్లలో ఆవిడ కన్నీళ్లకు తనే కారణమైన రోజులు చాలా ఉన్నాయి. తిట్టనందుకు ఏడ్చిన రోజు ఇదే.

బోర్డు ఆవరణలో షామియానా వేశారు. ఒక పక్క మస్తాన్ లారీ, ఇంకో పక్క బోర్డు టిప్పరు. డ్రైవర్లు యాభై మందిదాకా గుంపుగా నిలబడ్డారు. ఛైర్మన్ కారు షామియానా వెనకే ఏసీ చల్లబడ్డానికి ఇంజను ఆడిస్తూ ఉంది. కారు సరుకు లారీ కాదు గనక చట్టానికి దానితో పని లేదు.

"ముక్కుకు మూలపురుషుడు మన మధ్యే ఉన్నారు. ఆయనే వాసన చూసి చెబుతారు. ఇంక ఎవరికీ అనుమానం ఉండకూడదు" అన్నాడు విద్యాధరరావు మైకులో.

రెండు ఇంజన్లూ స్టార్టు చేశారు. కోటిలింగం వెళ్లి మస్తాన్ లారీ వెనక నిలబడ్డాడు. అలవాటు కొద్దీ డబ్బా తీశాడు, పొడుం వేశాడు, రెండు తుమ్ములు తుమ్మాడు. వంగాడు. వేడి గాలి మొహానికి కొట్టింది. పక్కన ప్రసూన కాగితాలు పట్టుకుని, తండ్రి మీద నమ్మకంతో, తల కూడా ఎత్తకుండా నిలబడింది. ఆయన నిటారుగా లేచాడు.

"నాకు వాసన రాదు" అన్నాడు.

మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

"వినపడలేదా? నా ముక్కు చచ్చి మూణ్ణెల్లయింది. పోయినసారి నలభై సీసాలూ నేను గుడ్డిగా చెప్పాను. తొమ్మిదోది మస్తాన్‌దన్నాను. అది ఎవడిదో నాకు తెలియదు. మిగతా ముప్పై తొమ్మిదీ అంతే. సిగ్గేసి చెప్పలేదు."

బోర్డు ఇంజనీరు ఒకడు కిసుక్కుమన్నాడు. డ్రైవర్ల గుంపులో ఒకడు, నెల క్రితం షెడ్డులోంచి గెంటించుకున్నవాడు, "ఇన్నాళ్లూ మమ్మల్ని అన్నావు కదయ్యా సిగ్గులేదని!" అన్నాడు. కోటిలింగం వాడి వంక చూసి, "నిజమేరా" అన్నాడు. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ ఆయన నోటి వెంట రాలేదు.

ప్రసూన కాగితాలు జారిపోయాయి. ఏరుకోలేదు. పరుగున లోపలికెళ్లి, బీరువాలోంచి కవరు తెచ్చి, అందరి ముందూ చింపింది. తొమ్మిదో చీటీ తీసి అందరికీ వినపడేలా చదివింది.

"తొమ్మిదో సీసా. వాయు సంరక్షణ బోర్డు టిప్పరు. మూడో నంబరు."

అంటే బోర్డు టిప్పరు ఎక్కడ నిలబడి ఇంజను ఆడించినా, ముక్కు మస్తాన్ పేరు రాస్తోందన్నమాట. ఆ సంగతి డ్రైవర్లకు అర్థమవడానికి అర నిమిషం పట్టింది. అర్థమయ్యాక షామియానా గుంజలు ఊగాయి. విద్యాధరరావు, "ఈ చీటీ ఫైల్లో లేదు, కాబట్టి..." అని మొదలుపెట్టాడు గానీ, ఆ తరవాతి మాట ఎవరూ వినలేదు. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. ఇంజను ముందే తిరుగుతోంది గనక ఆలస్యం కాలేదు.

మస్తాన్ లారీ ఎనిమిది రోజులకు బయటికొచ్చింది. తప్పు లేదని అదే రోజు తేలింది. కానీ దొడ్డి తాళం చెవి ఒక బీరువాలో ఉంది, ఆ బీరువా తాళం చెవి ఉన్న గుమాస్తా సెలవులో ఉన్నాడు. లారీ తీసుకుని మస్తాన్ తిన్నగా షెడ్డుకే వచ్చాడు. "మేస్త్రిగారూ, ఎనిమిది రోజులు ఎండలో ఉంది. ఎట్టా ఉందో చూడండి" అన్నాడు.

"ముక్కు లేదని చెప్పాను కదరా."

"చెవులున్నయ్ కదండీ" అని మస్తాన్ ఇంజను స్టార్టు చేశాడు. కోటిలింగం తల వంచి విన్నాడు. రెండో నాజిల్ గురించి చెప్పాడు. చెప్పడం అవగానే మస్తాన్ ఇంజను ఆపేశాడు.

ప్రసూన ఎనిమిదో తునక అడగలేదు. రాజీనామా ఈసారి తనే వెళ్లి ఇచ్చింది. "నీ ముక్కు నేనే తినేశాను నాన్నా" అని ఒక మధ్యాహ్నం తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. "నువ్వెక్కడ తిన్నావే? నేనిచ్చాను. ఇచ్చినవాడికి బుద్ధుండాలి" అన్నాడు కోటిలింగం. అని, ఆమె తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

మూడు నెలల గడువు నిండగానే స్తంభాల మీది ముక్కులన్నీ చచ్చిపోయాయి. వాటితోపాటే ఆ ఉత్తర్వులూ కాగితాల్లో మూలిగి పడుకున్నాయి. వంతెన మీద లారీలు ఎప్పటిలా ఇంజన్లు ఆడిస్తూ నిలబడుతున్నాయి. అయితే టెండరు అయిదేళ్లది, ఉద్యోగాలు పర్మనెంటు. అందుచేత నస్య సహాయకులు ఇప్పటికీ పొద్దునా సాయంత్రం నిచ్చెనలెక్కి, చచ్చిన పెట్టెల్లోకి పొడుం ఊది, దిగి, రిజిస్టరులో సంతకం పెడుతున్నారు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. కోటిలింగం ఇప్పుడు బజారున వెళ్తే తల ఎత్తి చూడడు.

ముక్కులు చచ్చిన ఆ వారంలోనే ఒక రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. నాంచారమ్మ అన్నం పెట్టింది, చారు పోసింది. ఆయన కలపలేదు. ఎప్పటిలా కంచం మీదికి వంగి, నిమిషం సేపు అలాగే ఉన్నాడు. ఆవిడ వంటింటి వైపు తిరిగింది, అక్కడ నిలబడి లాభం లేదన్నట్టు.

"ఇదిగో" అని పిలిచాడు.

ఆవిడ ఆగింది.

"ఇవాళ చారులో ఏం తప్పు చేశావు?"

నాంచారమ్మ అర్థం కానట్టు చూసింది. ఆయన తల ఎత్తలేదు. కంచం వంకే చూస్తూ, "చెప్పు. ఏదో ఒకటి చేసుంటావుగా" అన్నాడు.

"మిరియాలు..." అంది ఆవిడ మెల్లిగా. "మిరియాలు కాస్త పాతవి. వేయించకుండా దంచేశాను."

కోటిలింగం చారు చేతిలోకి తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. వెచ్చగా, పుల్లగా ఉంది, అంతే. కళ్లు మూసుకుని చప్పరించాడు.

"తెలుస్తూనే ఉంది" అన్నాడు. "ఇది చారా? కుడితా? నలభై ఒక్క ఏళ్లుగా చెబుతున్నా, మిరియాలు వేయించి దంచమని!"

నాంచారమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటింట్లోకి వెళ్లకుండా, ఆయన ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"పచ్చట్లో కూడా ఒకటుంది" అంది. "చెప్పమంటారా?"